ముందు కాటా, తర్వాతే ప్రయాణం: కుటుంబంతో తొలిసారి ట్రక్ క్యాంపర్‌లో బయల్దేరేవాళ్ళకి

మా నాయిన ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. సూర్యాపేట నుంచి విజయవాడ, హైదరాబాద్, లోడు దొరికితే నాగపూర్ దాకా. పోయిన సెప్టెంబర్‌లో మా దగ్గర ఆర్నెల్లు ఉండడానికి డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చాడు. అమ్మ న్యూజెర్సీలో మా చెల్లి పురుటి కోసం ఆగిపోయింది. వచ్చిన రెండో రోజు ఉదయం, ఇంటి ముందు ట్రక్కు మీద కూర్చున్న క్యాంపర్ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైర్ల దగ్గర వంగి చూసి, నన్ను అడిగింది ఒక్కటే మాట: "కాటా పెట్టించినవా, బిడ్డా?"

పెట్టించలేదు. దుప్పట్లు కొన్నాం, గిన్నెలు సర్దాం, పిల్లల బొమ్మలకి ఒక డబ్బా కేటాయించాం. బండి మొత్తం బరువెంతో మాత్రం నాకు తెలియదు. ఆ ప్రశ్న వల్ల మా ఏర్పాట్లన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలయ్యాయి. ఇక్కడ రాస్తున్నదంతా అలా నేర్చుకున్నదే. ఇద్దరు పిల్లలు, ఒక పెద్దాయన, మేమిద్దరం. అక్టోబర్‌లో రెండు రాత్రుల ప్రయాణం.

ట్రక్ క్యాంపర్ అంటే పికప్ ట్రక్ వెనక బెడ్డులోకి దిగి కూర్చునే చిన్న ఇల్లు. వెనక కొక్కేనికి తగిలించి లాగే ట్రైలర్ వేరు, బస్సులా ఉండే మోటర్‌హోమ్ వేరు. దీని పరుపు డ్రైవర్ క్యాబిన్ పైకి చాచుకుని ఉంటుంది, దాని కింద పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, ఒక బల్ల, టాయిలెట్. ఇరుకు సందుల్లోకి పోగలదు, మామూలు పార్కింగ్‌లో ఆగగలదు. కాకపోతే ట్రైలర్ బరువులో ఎక్కువ భాగాన్ని దాని చక్రాలే మోస్తాయి. దీని బరువు మాత్రం పూర్తిగా మీ ట్రక్కు వీపు మీదే. అందుకే మిగతావన్నీ ఆపి ముందు బరువు సంగతి తేల్చుకోండి.

తలుపు దగ్గరి స్టిక్కర్

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు గీత ఉన్న ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకి మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. కంపెనీ ప్రకటనల్లో చెప్పే అంకెని నమ్మొద్దు, అది అదే మోడల్‌లో అన్నిటికన్నా తేలికైన బండిది. మీ బండి అంకె మీ తలుపు మీదే ఉంటుంది. మనం రోజూ చూసే మామూలు పికప్‌లకి అది సుమారు 1,500 నుంచి 2,000 పౌండ్లు. గట్టి గోడల క్యాంపర్‌ని, అయిదుగురు మనుషుల్ని అది మోయలేదు. మాది వన్‌-టన్ అని పిలిచే పెద్ద రకం ట్రక్, వెనక ఒక్కో వైపు ఒకే టైరు. స్టిక్కర్ మీద 3,940 పౌండ్లు.

మా లెక్క ఇలా వేశాను. ఏసీ, పక్క గుడారంతో కలిపి ఖాళీ క్యాంపర్ 2,350. నీళ్ళు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, మా ట్యాంకు 30 గ్యాలన్లు, అంటే 250. గ్యాస్ సిలిండర్లు రెండు, నిండుగా 75. బ్యాటరీలు రెండు 120. క్యాంపర్‌ని పట్టి ఉంచే ఇనుప సామాను, కింద పరిచే రబ్బరు చాప 120. మేం అయిదుగురం 562. మొత్తం 3,477. ఇంకా 463 పౌండ్లు మిగిలాయి కాబట్టి బట్టలూ వంట సామానూ హాయిగా పడతాయని అనుకున్నాను.

నాయిన కాగితం పక్కన పెట్టేశాడు. "కాయితం మీద లోడు ఎప్పుడైనా తక్కువనే ఉంటది" అన్నాడు.

అమెరికాలో హైవేల పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని పెద్ద కాటాలు ఉంటాయి. లారీల కోసం పెట్టినవే అయినా మనలాంటి సొంత బండ్లనీ తూస్తారు. నిజంగా ప్రయాణానికి వెళ్ళినట్టే వెళ్ళండి: డీజిల్ నిండుగా, నీళ్ళు నిండుగా, సామానంతా సర్ది, పిల్లలు తాతతో సహా అందరూ కూర్చుని. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద వచ్చేలా ఆపి, స్తంభం మీద ఉన్న బటన్ నొక్కి సొంత బండి అని చెప్పాలి. తర్వాత లోపలికి వెళ్తే చీటీ ఇస్తారు. అందులో ముందు యాక్సిల్ ఎంత, వెనక యాక్సిల్ ఎంత, మొత్తం ఎంత అని మూడు అంకెలు వస్తాయి. 24 గంటల్లోపు అక్కడే రెండోసారి తూయిస్తే చాలా తక్కువ తీసుకుంటారు. ఆ రెండోసారి మీకు తప్పకుండా కావాలి.

ట్రక్కు సొంత బరువుతో సహా మా బండి మొత్తం 11,000 పౌండ్లు దాటకూడదు. చీటీలో వచ్చింది 11,240. నాయిన కోసం కిలోల్లోకి మార్చి చెప్పాను: అయిదు టన్నులకి పది కిలోలు తక్కువ ఉండాల్సింది, వంద కిలోలకి పైగా ఎక్కువుంది. ఆయన మొహంలో మార్పేం లేదు. "దించుదాం పా" అన్నాడు.

ఏం దించామో చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఇవే ఎక్కుతాయి. మేం వెళ్ళే పార్కులో నీళ్ళ కుళాయి ఉంది, కాబట్టి ట్యాంకులో 10 గ్యాలన్లు చాలు: 167 పౌండ్లు తగ్గాయి. అక్కడ కరెంటూ ఉంది, కాబట్టి జనరేటరు, దాని పెట్రోలు డబ్బా అక్కర్లేదు: 110. రెండు నీళ్ళ సీసాల కట్టలు: 88. పిల్లల సైకిళ్ళు: 50. ఇరవై పౌండ్ల బియ్యం సంచీ బదులు అయిదు పౌండ్లు: 15. మళ్ళీ కాటా ఎక్కితే 10,810. వెనక యాక్సిల్ 6,420, దాని పరిమితి 7,230. వెనక టైర్ల పక్కగోడ మీద కూడా చదివి చూశాను, ఒక్కో టైరు 80 పి.ఎస్.ఐ. గాలి దగ్గర 3,640 పౌండ్లు మోస్తుంది. అన్నీ లోపలే ఉన్నాయి.

ఆ రెండు చీటీలు గ్లవ్ బాక్సులో పెట్టుకున్నాను. తర్వాత ఎవరైనా "ఇది కూడా తీసుకెళ్దాం" అంటే మా దగ్గర జవాబు ఉంది: ఇంకా 190 పౌండ్లు, అంతే.

క్యాంపర్‌ని ఎక్కించడం

క్యాంపర్ నాలుగు మూలలా నాలుగు జాకీలు ఉంటాయి. వాటి మీద అది గాల్లో నిలబడి ఉంటే, ట్రక్కుని వెనక్కి దాని కిందికి తేవాలి. చదును నేల తప్పనిసరి. బెడ్డు వెనక తలుపుని, అంటే టెయిల్‌గేట్‌ని, ముందే ఊడదీసి గరాజ్‌లో పెట్టుకోండి. బెడ్డులో రబ్బరు చాప పరచాలి, లేకపోతే జారుతుంది. క్యాంపర్ ముందు గోడ మధ్యలో ఒక రంగు టేపు, ట్రక్కు వెనక అద్దం మధ్యలో ఒక టేపు అంటిస్తే, డ్రైవరు అద్దంలో చూస్తూ రెండూ కలిసేలా రావొచ్చు. బయట ఒక్కరే సైగ చెయ్యాలి. ఇద్దరు చెప్తే ఇద్దరివీ వినబడవు. మా ఇంట్లో ఆ పని నాయినదే. ఆయన బండి వెనక తట్టిన చప్పుడుని బట్టే నేను ఆపాను: ఒకసారి తడితే రా, రెండుసార్లు తడితే ఆగు.

ఈ పని జరిగేటప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉండాలి. గాలి ఎక్కువగా ఉన్న రోజు పెట్టుకోవద్దు.

దించేటప్పుడు వెనక జాకీలు కొంచెం, ముందువి కొంచెం, మళ్ళీ వెనకవి. ముందు భాగం ఎప్పుడూ రవ్వంత ఎత్తుగానే ఉండాలి. కూర్చున్నాక క్యాంపర్ పక్క గోడ మీద బరువు కేంద్రం గుర్తు ఎక్కడుందో చూడండి. అది వెనక యాక్సిల్‌కి ముందుకి పడాలి. వెనక్కి పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది, ఆ క్యాంపర్ ఆ ట్రక్కుకి సరిపోదన్నమాట. అది కొనక ముందే చూసుకోవాల్సిన సంగతి.

క్యాంపర్ నాలుగు మూలల నుంచి ట్రక్ చట్రానికి నాలుగు టర్న్‌బకిల్స్ తగులుతాయి. మర తిప్పితే బిగుసుకునే కడ్డీలు అవి. బిగించాక లైట్ల వైరు గుచ్చి బ్రేకు, ఇండికేటర్లు ఒకరు నొక్కుతుంటే ఒకరు వెనక నిలబడి చూడాలి.

ఇక్కడ నాయిన నేర్పింది ఒకటుంది. లారీకి తాళ్ళు బిగించి సూర్యాపేటలో బయల్దేరితే మునగాల దాటకముందే ఒకసారి పక్కకి ఆపేవాడట. "లోడు సర్దుకుంటది. తాడు దానంతటదే వదులైతది. మొదటి పది మైళ్ళల్ల చూసుకోకుంటే ఇగ చూసుకునేదేం ఉండది." మేం బయల్దేరిన రోజు పదో మైలు దగ్గర పెట్రోలు బంకులో ఆపాను. నాలుగింటిలో మూడు బిగుతుగానే ఉన్నాయి. కుడి వెనకది రెండు వేళ్ళతో తిరిగింది. మూడు చుట్లు బిగించాను. నాయిన దాన్ని పట్టుకుని ఊపి చూసి, ఇనుము మీద అరచేతితో ఒకసారి తట్టి, వచ్చి కూర్చున్నాడు. పదో మైలు దగ్గరా, యాభయ్యో మైలు దగ్గరా, ఆ తర్వాత ఆగిన ప్రతిసారీ చూడండి.

ఇంటి ముందే ఒక రాత్రి

దయచేసి ఈ ఒక్కటి వదలొద్దు. మొదటి రాత్రి మీ డ్రైవ్‌వేలోనే పడుకోండి. మా వైపు చాలా కాలనీల్లో ఇంటి ముందు ఇలాంటి బండి నిలబెట్టడానికి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, ఒప్పుకోదు. సామాను ఎక్కించుకోవడానికి ఒకట్రెండు రోజులని ముందే ఉత్తరం రాస్తే సాధారణంగా సరేనంటారు, మాకు అన్నారు.

ఇంట్లోకి పోకూడదని నియమం పెట్టుకున్నాం. రాత్రి వంట, భోజనం, టాయిలెట్, నిద్ర, పొద్దున కాఫీ అన్నీ క్యాంపర్‌లోనే. ఎవరికి ఏది లేకపోయినా తలుపు వెనక అంటించిన కాగితం మీద రాయాలి. తెల్లారేసరికి ఆ కాగితం మీద పద్ధెనిమిది విషయాలున్నాయి. నాయిన కళ్ళజోడు, బీపీ మాత్రలు పెట్టుకోవడానికి చోటు లేదు. చీకట్లో మెట్టు కనబడదు. మా అయిదేళ్ళ పాప పైన పరుపు మీద లేచి కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. చెత్త సంచీ తగిలించే కొక్కెం లేదు. తడి తువ్వాళ్ళు ఆరేసే తాడు లేదు.

ఎవరెక్కడ పడుకోవాలో కూడా ఆ రాత్రే తేలింది. పైన పెద్ద పరుపు మీద మేమిద్దరం, పాప. బల్లని దించి పరుపు చేసి దాని మీద నాయిన, ఎందుకంటే ఆయన మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వవు, రాత్రి రెండుసార్లు లేస్తాడు. బల్ల పైన ఉండే చిన్న అరలాంటి పడకలో తొమ్మిదేళ్ళ బాబు. ఆ పడకకి బరువు పరిమితి ఉంటుంది, దాని పక్కనే చీటీ అంటించి ఉంటుంది, చదవండి. తలుపు బయటి మెట్టు నాయినకి ఎత్తైంది. పదిహేను డాలర్ల మడత పీట ఒకటి అదనంగా పెట్టాం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మొత్తం క్యాంపర్‌లో ముందుగా చూడాల్సింది ఆ మెట్టునే.

పొద్దున్నే అయిదుగురం ఒకేసారి లేచి నిలబడితే కదలడానికి లేదు. అప్పటినుంచి మా పద్ధతి: పొయ్యి వెలిగించిన మనిషి ఒక్కరే లోపల, మిగతావాళ్ళు బయట కుర్చీల్లో.

వంట

క్యాంపర్‌లో పోపు పెట్టొద్దు. ఇంటి ముందు పడుకున్న రాత్రి మా ఆవిడ పప్పులోకి నూనె కాచి ఆవాలు, ఎండుమిర్చి వేసింది. ఆవాలు చిటపటమనడం, పొగ అలారం మోగడం ఒకేసారి. కప్పు కిటికీ తెరిచి, ఫ్యాను పెట్టి, తువ్వాలుతో విసిరితే గానీ ఆగలేదు. ఆ ఇంగువ వాసన పరుపుల్లో రెండు రోజులుంది. ఇప్పుడు పోపు ఇంటి దగ్గరే వేయించి చిన్న సీసాలో తీసుకెళ్తాం. వేడి పప్పు మీద రెండు చెంచాలు వేస్తే చాలు. వేపుళ్ళు ఏమైనా చెయ్యాలంటే బయట బల్ల మీద చిన్న స్టవ్ పెట్టుకుంటాం. టెక్సాస్‌లో ఎండాకాలం నిప్పు మీద నిషేధాలు పెడుతుంటారు, బయల్దేరే రోజు పార్కు పేజీలో చూసుకోండి.

మొదటి రోజుకి పులిహోర, దద్దోజనం. రెండో రోజుకి ఉప్మా రవ్వ ఇంట్లోనే వేయించి, అల్లం, మిర్చి తరిగి డబ్బాలో. చపాతీలు సగం కాల్చి కాగితం మడతల్లో. ఆవకాయ సీసాకి మూత మీద ప్లాస్టిక్ కవరు కట్టి, నిలబెట్టి, చుట్టూ తువ్వాలు చుట్టాలి. విస్తరాకులు తీసుకెళ్ళండి, అంట్లు కడిగే నీళ్ళు మిగులుతాయి.

ఫ్రిజ్‌ని ముందు రోజే వేసి చల్లబరచాలి, అందులో పెట్టేవి కూడా చల్లవే పెట్టాలి. గ్యాస్ మీద నడిచే పాత రకం ఫ్రిజ్ అయితే బండి వంకరగా నిలబడితే పనిచెయ్యదు. ఇంకొకటి: తలుపు కొక్కెం పడిందో లేదో చేత్తో లాగి చూడండి. మేం కాటాకి వెళ్ళిన రోజు అది సరిగా పడలేదు. మొదటి మలుపులోనే పెరుగు డబ్బా నేల మీద పడి పగిలింది. ట్రక్ స్టాప్‌లో తలుపు తెరిస్తే పెరుగు మెట్టు దాకా పారి ఉంది, అందులో పాప చెప్పులు. సొరుగులు, అల్మారా తలుపులు కూడా అంతే, ఒక్కోటీ లాగి చూడాలి.

నీళ్ళు, టాయిలెట్

పాత క్యాంపర్ కొన్నా, కొన్నాళ్ళు వాడకుండా ఉంచినా ట్యాంకు శుద్ధి చెయ్యకుండా ఆ నీళ్ళు తాగొద్దు. పదిహేను గ్యాలన్లకి పావు కప్పు మామూలు వాసనలేని బ్లీచ్, ముందు బకెట్ నీళ్ళలో కలిపి ట్యాంకులో పోసి నింపాలి. ప్రతి కుళాయీ, వేడివీ చల్లవీ, బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పి ఆపి రాత్రంతా ఉంచాలి. మర్నాడు అంతా ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. పార్కు కుళాయికి తగిలించే పైపు తాగునీటిదై ఉండాలి, తోట పైపు వద్దు. దానికి ముందు ఒత్తిడి తగ్గించే చిన్న ఇత్తడి రెగ్యులేటర్ పెట్టండి, కొన్ని పార్కుల్లో నీళ్ళు తోసుకొచ్చే జోరుకి లోపలి ప్లాస్టిక్ కీళ్ళు ఊడిపోతాయి. వాటర్ హీటర్‌లో నీళ్ళు నిండకుండా కరెంటు వెయ్యొద్దు, నిమిషాల్లో కాయిల్ కాలిపోతుంది.

టాయిలెట్ సంగతి మనవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, కాబట్టి నేనే చెప్తాను. మాది కింద పెట్టె ఉండి, తీసి పారబోసుకునే రకం, సుమారు అయిదు గ్యాలన్లు. మనం నీళ్ళు వాడతాం కాబట్టి పుస్తకంలో రాసినదానికన్నా తొందరగా నిండుతుంది. మగ్గు బదులు చిన్న పిచికారీ సీసా పెట్టాం. పగలు పార్కు బాత్రూములే, రాత్రి మాత్రమే క్యాంపర్‌ది. అలా అయితే అయిదుగురికి రెండు రాత్రులు వచ్చింది. పెట్టెను డంప్ స్టేషన్‌లోనే, అంటే మురుగు పారబొయ్యడానికి కట్టిన చోటే, ఖాళీ చెయ్యాలి, దానికి వేరే చేతి తొడుగులు, వేరే పైపు.

సింకులోకి అన్నం మెతుకులు పోనివ్వకండి. అవి కింది ట్యాంకులో ఉబ్బి కుళ్ళిపోతాయి. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగాలి.

గ్యాస్, కరెంటు

సిలిండర్ తెరిచి ప్రతి కీలు మీద సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టే, బాగు చేయించకుండా కదలొద్దు. క్యాంపర్‌లో గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటాయి. వాటికి ఆయుష్షు ఉంటుంది, వెనక తిప్పి తేదీ చూడండి. మేం కొన్న పాత క్యాంపర్‌లో రెండింటి కాలమూ దాటిపోయింది. బటన్ నొక్కితే కూత వస్తోంది కదా అని వదిలెయ్యొద్దు, ఆ కూత స్పీకర్‌దే గానీ లోపలి సెన్సర్‌ది కాదు. రెండూ కొత్తవి వేశాను. చలికి పొయ్యి వెలిగించి పడుకోవడం ఎప్పుడూ చెయ్యకండి. వంట చేసేటప్పుడు కప్పు కిటికీ, ఒక పక్క కిటికీ తెరిచి ఉంచాలి.

పార్కులో మనకిచ్చే కరెంటు స్తంభం సాధారణంగా 30 ఆంపులు, అంటే 3,600 వాట్లు. ఏసీకి దాదాపు 1,500, ఇండక్షన్ పొయ్యికి 1,800, కరెంటు వాటర్ హీటర్‌కి 1,400. ఏవో రెండు కలిసి నడుస్తాయి, మూడూ నడవవు. ప్లగ్గు పెట్టే ముందు స్తంభం మీద స్విచ్ ఆపి, పెట్టాక వెయ్యాలి. మధ్యలో కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి.

రోడ్డు మీద

క్యాంపర్‌ని ఎక్కించాక నేల నుంచి ఏసీ పైదాకా టేపుతో కొలవండి. మాది 11 అడుగుల 4 అంగుళాలు. పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించాను. ఇంటర్‌స్టేట్ల మీద వంతెనలతో ఇబ్బంది లేదు. డ్రైవ్-త్రూలు, బ్యాంకు షెడ్లు, కారు గరాజ్‌లు, పాత ఊళ్ళలో పెట్రోలు బంకుల కప్పులు, క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్ల కొమ్మలు, వీటితోనే. అలవాటుగా కాఫీ కోసం డ్రైవ్-త్రూ వైపు చెయ్యి తిరుగుతుంది, ఆ అంకె కళ్ళముందుంటే ఆగుతుంది.

టైర్ల గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి, స్పేర్ టైరుకి కూడా. బ్రేకు దూరం పెరుగుతుంది, పక్కగాలికి ఊగుతుంది. నేను గంటకి 60 మైళ్ళు దాటలేదు. నడుస్తున్నప్పుడు క్యాంపర్‌లో మనుషులు కూర్చోవచ్చా అన్నదానికి చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం నియమం ఒకటే: చక్రం తిరుగుతుంటే అందరూ ట్రక్ క్యాబిన్‌లో, బెల్టులతో. పాప బూస్టర్ సీట్లో, తాత మధ్యలో, బాబు కిటికీ దగ్గర.

మొదటి ప్రయాణం రెండు మూడు గంటల దూరం మించకూడదు. మేం గ్లెన్ రోజ్ దగ్గరి డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు ఎంచుకున్నాం. ఫోర్ట్ వర్త్ నుంచి చిజమ్ ట్రయల్ టోల్ రోడ్డు మీద క్లీబర్న్, అక్కణ్నుంచి 67 హైవే. అక్కడి పలక్సీ నది అడుగున రాతిలో 11 కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ అడుగులున్నాయి. నీళ్ళు తక్కువున్నప్పుడే బాగా కనిపిస్తాయి, కాబట్టి వెళ్ళే ముందు నది ఎలా ఉందో కనుక్కోండి, తడిసినా పర్లేదనుకునే పాత బూట్లు తీసుకెళ్ళండి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్ చోట్లు అయిదు నెలల ముందునుంచే బుక్ అవుతాయి. శని, ఆదివారాలు దొరకడం కష్టం. మాకు ఆది, సోమ రాత్రులు దొరికాయి, పిల్లల బడికి సెలవు చూసుకుని వెళ్ళాం. నీళ్ళు, కరెంటు ఉన్న చోటే తీసుకోండి, మొదటిసారి అవి లేకుండా ఉండే పరీక్ష పెట్టుకోవద్దు. ఫోన్ సిగ్నల్ పల్చగా ఉంటుంది, మ్యాపు, బుకింగ్ కాగితం, నాయిన విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం ముందే ఫోన్‌లోకి దింపి ఉంచాను.

వెలుతురు ఉండగా చేరాలి. ముందు దిగి పైకి చూడాలి, కొమ్మలు. తర్వాత బండి చదునుగా ఉందో లేదో. పల్లం వైపు చక్రాల కింద ప్లాస్టిక్ దిమ్మలు పెట్టి ఎక్కించాలి. తర్వాత చక్రాలకి అడ్డాలు, కరెంటు, నీళ్ళు. ఇవన్నీ అయ్యేదాకా పిల్లలు తాతతో బల్ల దగ్గర. క్యాంపర్‌ని ట్రక్కు మీంచి దించే పని రెండు రాత్రులకి పెట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో ఒకరు జాబితా చదవాలి, ఒకరు చేత్తో ముట్టుకుని "అయ్యింది" అనాలి: కప్పు కిటికీ, పక్క కిటికీలు, ఫ్రిజ్ కొక్కెం, సొరుగులు, గ్యాస్ మీట, కరెంటు తీగ, నీళ్ళ పైపు, మెట్టు, తలుపు తాళం, నాలుగు టర్న్‌బకిల్స్. మా బాబు చదివాడు, నాయిన ముట్టుకుని చూశాడు. జాబితాలో లేకపోయినా ఆయన ప్రతి టైరునీ చిన్న కర్రతో కొట్టి చప్పుడు విన్నాడు, లారీ రోజుల్లోలాగే. ఇప్పుడది కూడా జాబితాలో చేర్చాం. బాబు అడిగి కోయించుకున్న కర్ర ముక్క మెట్టు పక్క అరలో ఉంది.

ఇల్లు చేరాక అలసిపోయి అలాగే వదిలెయ్యకండి. ట్యాంకులు పార్కులోనే ఖాళీ చేసుకుని రావాలి. ఫ్రిజ్ ఆపి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే బూజు పడుతుంది. పరుపు ఎత్తి ఆరనివ్వాలి, రాత్రంతా అయిదుగురి ఊపిరి తడి కింద చేరి ఉంటుంది. తీసుకెళ్ళి వాడనివి ఒక డబ్బాలో వేసి గరాజ్‌లో పెట్టండి. మా డబ్బాలో ఒక మడత బల్ల, మూడు దుప్పట్లు, సగం బట్టలు, ఇడ్లీ పాత్ర చేరాయి. వాటిని తూకం వేశాను: 61 పౌండ్లు. నవంబర్‌లో అమ్మ న్యూజెర్సీ నుంచి వస్తోంది. ట్రక్కులో ఆరో సీటు లేదు కాబట్టి ఈసారి నేను కారులో వెనక వస్తాను, బాబు నాతో. క్యాంపర్‌ని మా ఆవిడ నడుపుతుంది. నాయిన పక్క సీట్లో కూర్చుంటానన్నాడు, కానీ ముందు మళ్ళీ కాటా పెట్టించమన్నాడు.